యంగోనా మత్తు కాదది

నా కొడుకు ఇలైతియా పడవల పాకలో చాప మీద వెల్లకిలా పడున్నాడు. చుట్టూ నలుగురు మగాళ్లు కూర్చుని పగలబడి నవ్వుతున్నారు. ఆ నవ్వు నాకిప్పటికీ వినబడుతుంది. వినబడ్డప్పుడల్లా చేతిలో ఏదుంటే అది విసిరికొట్టాలనిపిస్తుంది. మొన్న కసావా దుంప చెక్కు తీస్తూ తీస్తూ కత్తి విసిరేశాను. పాపం, కోడి వెంట్రుకవాసిలో తప్పించుకుంది.

మొదట్నించీ చెబుతాను.

మా దీవిలో ఈ బువా తీరాన సముద్రపు దోసకాయలు, అంటే అడుగున పాకే మెత్తటి జీవాలు, ఏరడం ఒకప్పుడు ఆడవాళ్ల పని. నా చిన్నతనంలో నీళ్లు వెనక్కి పోయినప్పుడు మోకాలి లోతులో పాటలు పాడుకుంటూ నడిచి, బుట్టల నిండా ఏరుకొచ్చేవాళ్లం. పరదేశాల్లో వాటిని సూపులో వేసుకుని తింటారట. మాకేం తెలుసు, మేం ఉడకబెట్టి ఎండబెట్టి ఇచ్చేసేవాళ్లం. ఒడ్డు దగ్గరివన్నీ ఊడ్చుకుపోయాయి. తర్వాత నడుం లోతు. తర్వాత ఈత లోతు. ఇప్పుడు ఇరవై బారలు. అంత లోతుకి ఊపిరి బిగబట్టి ఎవడు పోతాడు? టైర్లకు గాలి కొట్టే కంప్రెసరు పడవలో పెట్టి, దానికి పసుపుపచ్చ గొట్టం తగిలించి, దాని చివర పళ్లతో కరుచుకుని దిగుతారు.

ఆ పడవా, ఆ కంప్రెసరూ మా అన్నయ్య మనాసావి. నడిపేది ఆయన కొడుకు అపిసాయి. నేను అపిసాయికి మేనత్తని, నా కొడుక్కి అపిసాయి బావ. మాలో బావలు తిట్టుకోకుండా పలకరించుకోరు. అపిసాయి పెళ్లినాడు ఇలైతియా వాడి కొత్త బూటులో పీతని పెట్టాడు. పాస్టరు గారి ముందు పెళ్లికొడుకు ఒంటికాలి మీద గెంతాడు. దానికి బదులుగా అపిసాయి, నా కొడుకు టీలో ఏడాది పాటు వారం తప్పకుండా ఉప్పు కలిపాడు. ఒకడు ఏడిస్తే ఇంకొకడికి పండగ. అందుకే బావ బాధ బావకి బాధలా కనిపించదు.

అన్నయ్యకీ నాకూ మధ్య మాత్రం మాటే లేదు. పోట్లాట కాదు. మాలో ఆడపిల్ల పెద్దమనిషయ్యాక అన్నదమ్ముల ఎదుటపడి మాట్లాడదు, అది మర్యాద. ఏం చెప్పాలన్నా వదినతో చెప్పించడమే. నలభై ఎనిమిదేళ్లు అలాగే గడిచాయి. మా ఆయన పోయాక నేను పుట్టింటి ఊరికి వచ్చేసి, అన్నయ్య ఇంటికి నాలుగిళ్ల అవతల ఉంటున్నా సరే, అంతే.

ఆ మంగళవారం నా కొడుకు మూడుసార్లు దిగాడు. మూడోసారి అడుగున ఉండగానే అపిసాయి గొట్టాన్ని రెండుసార్లు గుంజాడు. పైకి రమ్మని సైగ. ఉత్తరపు రేవుకి సరుకు కొనేవాళ్ల లారీ వచ్చేసిందని ఫోనొచ్చిందట. మధ్యమధ్యలో ఆగుతూ మెల్లిగా రావాల్సినవాడు ఒక్క బిగిన పైకొచ్చాడు. ఇది నాకు తర్వాత తెలిసింది. అన్నీ నాకు తర్వాతే తెలుస్తాయి.

ఒడ్డుకొచ్చాక మా ఆడవాళ్లం సరుకు పొట్టలు చీల్చి ఉప్పు పట్టించి, పది రోజులుగా పోగైనదాంతో కలిపి బకెట్లకెత్తాలి. ఆ కాసేపూ మగాళ్లు పాకలో చెక్క తొట్టి చుట్టూ చేరి యంగోనా తాగుతారు. యంగోనా అంటే సారా కాదు. వేరు దంచిన పొడి నీళ్లలో పిసికి, కొబ్బరి చిప్పతో అందిస్తే, చప్పట్లు కొట్టి ఒక్క గుక్కలో లాగించాలి. నాలుక తిమ్మిరెక్కుతుంది. బాగా పట్టిస్తే కాళ్లు మాట వినవు. అదీ సంగతి. నా కొడుకు లేవబోయి కూలబడితే వాళ్లందరికీ అదే తోచింది.

"ఏం బావా, రెండు చిప్పలకే?" అపిసాయి గొంతు.

"మీ ఆవిడకి కబురు పెట్టమంటావా, చంకనేసుకుని తీసుకుపోద్ది!" ఇంకొకడు.

బయట కత్తి పట్టుకుని కూర్చున్న నేను ఆ మాటలు విన్నాను. విని, పక్కనున్నామెతో, "మా వాడు తాగడంలో వాళ్ల నాన్న పోలిక కాదమ్మా," అని నేనూ నవ్వాను. రాస్తున్నాను చూశారా, నేనూ నవ్వాను. ఆ గంటన్నర నవ్విన వాళ్లలో నేనూ ఉన్నాను. నా మీద నాకున్న కోపం తక్కువేం కాదు.

బకెట్లు నిండాయి, రండ్రా ఎత్తుకోండని లోపలికెళ్లాను. నా కొడుక్కి పసిపిల్లాడికి కట్టినట్టు నడుముకి గుడ్డ కట్టారు. పక్కన కొబ్బరిబోండం పెట్టి, "పాలు తాగు నాయనా, పాలు తాగు," అంటున్నాడు అపిసాయి. ఇలైతియా కూడా నవ్వుతున్నాడు. కానీ దవడలు బిగుసుకుని ఉన్నాయి. నుదుటి మీద చెమట ఉప్పు గింజల్లా నిలబడింది.

"ఏంట్రా?" అన్నాను.

"ఏం లేదమ్మా. ఎక్కువైంది. పడుకుంటే పోద్ది."

"నాలుక తిమ్మిరుందా?"

ఆలోచించాడు. "లేదు."

యంగోనా ముందు నాలుకని పట్టుకుంటుంది, కాళ్ల దాకా రావడం ఆ తర్వాత.

"ఇంకేమైనా ఉందా?"

"నడుం చుట్టూ ఎవరో తాడేసి బిగించినట్టుందమ్మా."

"ఒంటికి ఎప్పుడు పోయావు?"

మగాళ్లు మళ్లీ గొల్లున నవ్వారు. "అందుకేగా అత్తా గుడ్డ కట్టాం!"

"నోరు ముయ్యండి! నిన్నేరా, ఎప్పుడు పోశావు?"

"పొద్దున. పడవెక్కే ముందు."

యంగోనా తాగినవాడు చిప్పకోసారి చెట్టు చాటుకి పోతాడు. వీడు పొద్దున్నించీ పోలేదు. చేతిలో ఉన్న కత్తి మొనతో వాడి అరికాలు గీరాను. కదల్లేదు. పిక్క మీద గుచ్చాను. నా వంకే చూస్తున్నాడు, ఏం చేస్తున్నానో తెలీనట్టు. తొడ మీద కూడా అంతే. బొడ్డు దగ్గరికి రాగానే "అబ్బా, అమ్మా!" అన్నాడు.

నవ్వులు ఆగిపోయాయి.

ఇది నాకు తెలుసు. ఎలా తెలుసంటే, మా ఆయన సమిసోని ముప్పై ఏళ్ల కిందట మా అన్నయ్యతో వేటకెళ్లొచ్చి, ఇలాగే పడవలోంచి దిగి ఇసకలో కూలబడ్డాడు. ఊళ్లో ఒళ్లు పట్టే చెయ్యి నాది. బెణుకైనా, బాలింత నడుమైనా నా దగ్గరికే తెచ్చేవాళ్లు. రెండు రోజులు కొబ్బరినూనె రాసి ఆ కాళ్లు పట్టాను. మధ్యలో మగాళ్లు, నీళ్లలో వచ్చింది నీళ్లలోనే పోతుందని చెప్పి మళ్లీ దింపారు. పైకి వచ్చాక చేతులూ పడిపోయాయి. చేతులు తర్వాత వచ్చాయి, కాళ్లు రాలేదు. పదకొండేళ్లు కిటికీ పక్కన కూర్చుని వలలు అల్లాడు. ఆయన మలమూత్రాల పాత్ర ఎత్తింది నేను, పుళ్లు కడిగింది నేను. పోయాక చాన్నాళ్లకి మా నర్సమ్మ కెలెరా ఆడవాళ్ల మీటింగులో బొమ్మ గీసి చెప్పింది. లోతులో పీల్చిన గాలి రక్తంలో కలిసి ఉంటుందట, గబుక్కున పైకొస్తే సోడా మూత తీసినట్టు బుడగలు కడుతుందట, ఆ బుడగలు వెన్నులో ఇరుక్కుంటే మనిషి పడిపోతాడట. నూనె రాస్తే బుడగ పోతుందా? ఆ రోజు ఇంటికెళ్లి నా చేతులు చూసుకుని ఏడ్చాను.

"అలుమితా!" అని కోడల్ని కేకేశాను. "పరుగెత్తు. నర్సమ్మని తీసుకురా. సీసా కూడా తెమ్మను, ఆక్సిజన్ సీసా!"

అప్పటికే అపిసాయి నా కొడుకు చంకల కింద చేతులు పెట్టాడు. "పట్టండ్రా. పడవ దగ్గరికి. పది బారలకి ఓసారి దింపి తీస్తే సర్దుకుంటుంది. అందరం చేసేదేగా."

"వదులు వాణ్ని."

"అత్తా, నీకు తెలీదు..."

"నాకు తెలీదా? నాకా? మీ మావయ్యని దింపినవాళ్లలో నీ తండ్రి ఉన్నాడు, అడుగు! వదలకపోతే ఈ కత్తి దోసకాయలకే కాదు, నీ పొట్టకి కూడా పనికొస్తుంది."

వదిలేశాడు. ఇంకొకడు మెల్లిగా, "పోనీ నువ్వైనా కాస్త కాళ్లు పట్టు, నీ చేతిలో..." అన్నాడు. నేను చూసిన చూపుకి మాట మింగేశాడు.

కెలెరా వచ్చింది. వస్తూనే మోకాళ్ల మీద కూర్చుని వాణ్ని బల్లపరుపుగా పడుకోబెట్టింది, తల కింద మడిచి పెట్టిన గుడ్డ కూడా లాగేసింది. ముక్కూ నోరూ మూసేలా తొడుగు పెట్టి సీసా తిప్పింది. సన్న గొట్టం వేసి మూత్రం తీస్తే, చిన్న బకెట్టు సగం నిండింది. అది చూశాక అపిసాయి మొహం తిప్పుకున్నాడు. నాకు మాత్రం ఆ బకెట్టు వాడి నెత్తిన బోర్లించాలనిపించింది.

కెలెరా ఫోనులో రాజధాని సువాలోని డాక్టరుతో మాట్లాడింది. "లేదండీ, మళ్లీ దింపలేదు... తెలివిగానే ఉన్నాడు... మూడు సార్లు, ఇరవై బారలు... సరే, నీళ్లు తాగిస్తాను." ఫోను పెట్టి నా చెయ్యి పట్టుకుంది. "మామ్మా, సువాలో గాలి ఒత్తిడి పెట్టే గది ఉంది, అందులో పెట్టాలి. అవతలి ఒడ్డున ఆసుపత్రి దగ్గరికి హెలికాప్టరు పంపుతారు. తక్కువ ఎత్తులో ఎగురుతుంది, ఎత్తుకెళ్తే బుడగలు పెరుగుతాయి. మనం వీణ్ని అక్కడికి చేర్చాలి."

తుపానుకి కొట్టుకుపోయిన రోడ్డు ఇంకా వెయ్యలేదు. పడవలోనే వెళ్లాలి, గంట ప్రయాణం.

"సీసా ఎంతసేపొస్తుంది?"

ముల్లు చూసి పెదవి విరిచింది. "ఇరవై నిమిషాలు. మొన్న ఆయాసం మనిషికి వాడాను. మామ్మా, ఈ గాలి ఆగకూడదు. పడవవాళ్లకి ఒక ఆక్సిజన్ పెట్టె ఉండాలే? రూలు ఉంది."

ఉంది. ఎందుకు లేదు! సరుకు కొనేవాళ్లు మూడేళ్ల కిందట ఇచ్చిన నారింజరంగు పెట్టె. పడవలో ఉండాల్సింది మా అన్నయ్య ఇంట్లో ఉంది. పెద్దలు కూర్చునే పైవైపున, కొత్త చాప చుట్టి, మీద మనవరాలి ఫోటో, ప్లాస్టిక్ పూల కూజా.

"అపిసాయీ, పెట్టె తీసుకురా."

వాడు కదల్లేదు. "దానికి సీలుంది అత్తా. తనిఖీకొచ్చినోళ్లు సీలే చూస్తారు. తెగితే లైసెన్సు పోద్ది. కంపెనీని ఒక మాటడిగి..."

"అడుగు. ఈలోగా నీ బావ ఊపిరి ఆపుకుంటాడు. అలవాటేగా."

"అది కాదత్తా, సరుకు కూడా పడవలోకి ఎత్తించేశాను. లారీ వెళ్లిపోద్ది. ఉత్తరపు రేవులో దించేసి అటునించి అటే..."

ఉత్తరపు రేవు ఉత్తరాన. ఆసుపత్రి దక్షిణాన.

నేనింక వాడితో మాట్లాడలేదు. అన్నయ్య ఇంటికి నడిచాను. మా ఇళ్లలో ఆడవాళ్లు కింది గుమ్మంలోంచి వంగి వెళ్లాలి. నేను పెద్దలు మాత్రమే వాడే పై గుమ్మంలోంచి వెళ్లాను, వంగలేదు. అన్నయ్య చాప మీద కూర్చుని ఉన్నాడు. వదిన తలుపు దగ్గర నోరు తెరిచి నిలబడింది.

"అన్నయ్యా," అన్నాను.

నలభై ఎనిమిదేళ్లు. ఆయన తలెత్తలేదు. తలెత్తకూడదు కూడా.

"నా కొడుకు నీకు వసు."

ఆడపడుచు కొడుకుని మేము వసు అంటాం. మేనమామ ఇంట్లో వాడు చెయ్యి వేసిందల్లా వాడిదే. పందైనా, చాపైనా, అడగక్కర్లేదు. ఇవ్వననడానికి మామకి నోరు లేదు. ఈ కాలం వాళ్లు కోడిపెట్టని ఎత్తుకుపోయి నవ్వుకోవడానికి మాత్రమే వాడుతున్నారు గానీ, అది నవ్వులాట కాదు.

"వాడికి కాళ్లు లేవు. వాడి కాళ్లుగా నేనొచ్చాను. ఈ పెట్టె తీసుకుంటున్నాను. నీ పడవ తీసుకుంటున్నాను. అందులో ఉన్న సరుకు తీసుకుంటున్నాను. మా ఆయన్ని నువ్వు నీళ్లలో దింపినప్పుడు నేను నూనె గిన్నె పట్టుకుని నోరు మూసుకున్నాను. ఇవాళ మూసుకోను."

గుమ్మంలో అపిసాయి, "నాన్నా, చెప్పు ఆవిడకి!" అంటున్నాడు.

అన్నయ్య చూపు చాప మీదే ఉంది. ముందు వదిన కదిలింది. ఫోటో తీసింది, పూల కూజా తీసింది. అప్పుడు అన్నయ్య రెండు అరచేతులూ గుంటగా చేసి చప్పట్లు కొట్టాడు. మూడుసార్లు, మెల్లిగా. మాలో ఇచ్చామన్నమాట అది.

పెట్టె సీలు పళ్లతో తెంపాను. సీసా నిండుగా ఉంది. రబ్బరు తొడుగు మూడేళ్ల వేడికి కరిగి జిగురైపోయింది, కెలెరా తనదే వాడింది. మూత లోపలివైపు ఒక కాగితం అంటించి ఉంది. బొమ్మలు. మనిషిని పడుకోబెట్టిన బొమ్మ, తొడుగు పెట్టిన బొమ్మ, ఫోను బొమ్మ, నీళ్లలో దిగుతున్న మనిషి మీద ఎర్రగా కొట్టివేత. ఐదో తరగతి దాటని నాకే అర్థమైంది. ఆ కాగితం మీద పూలు పెట్టుకుని మూడేళ్లు కూర్చున్నారు!

పడవలో వాణ్ని పడుకోబెట్టే చోటంతా బకెట్లే. మొదటిది ఎత్తి నీళ్లలో పోశాను.

"అత్తా! పది రోజుల పని!" అపిసాయి దాదాపు ఏడ్చాడు.

"నాది పదకొండేళ్ల పని," అని రెండోది పోశాను. మూడోది నా కోడలు పోసింది. నాలుగోది ఎత్తింది మాత్రం అపిసాయే. ఎందుకో నన్నడక్కండి. తర్వాత వాడే ఇంజను దగ్గర కూర్చున్నాడు. పగడపు దిబ్బల మధ్య ఒక్క కుదుపు లేకుండా నడిపాడు, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ దారంతా వాడి వీపు చూస్తూ నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. పాస్టరు గారి భార్య చదువుతుంది.

ఇలైతియా తొడుగులోంచి ఏదో అన్నాడు. చెవి దగ్గర పెట్టాను.

"అమ్మా, కాళ్లు ఉన్నాయా?"

"ఉన్నాయిరా. చూస్తున్నాను."

"నాకు లేనట్టుంది."

చెంబుతో నీళ్లు పట్టాను గుక్కగుక్కగా. ఇంకేం చెయ్యను? చేతులు వాటంతట అవే వాడి పిక్కల మీదికి పోతున్నాయి, పట్టడానికి. వెనక్కి లాక్కుని నా తొడల కింద పెట్టుకు కూర్చున్నాను.

రేవు కనిపించాక, చేరకముందే రెండో సీసా అయిపోయింది. ఆసుపత్రివాళ్లు పెద్ద సీసాతో నీళ్లలోకి దిగి ఎదురొచ్చారు.

సువాలో ఆ గది పడుకోబెట్టిన ఇనప పీపాలా ఉంటుంది. తొమ్మిదిసార్లు పెట్టారు. రెండోసారి పెట్టి తీశాక కుడి బొటనవేలు గిల్లితే "అమ్మా, గిల్లకు" అన్నాడు. ఇంకా గిల్లాను. మూడో వారం తనంతట తాను ఒంటికి పోశాడు. ఆ రోజు వార్డులో అందరికీ బిస్కెట్లు పంచాను. కుడికాలు పూర్తిగా వచ్చింది. ఎడమ పాదం ఈడుస్తాడు. డాక్టరమ్మ మంచిది, దాచకుండా చెప్పింది. "కూలబడ్డ వెంటనే గాలి పెట్టి ఉంటే అదీ వచ్చేదేమో. ఇంకోసారి నీళ్లలో దింపి ఉంటే ఏదీ వచ్చేది కాదు." అంటే ఆ ఎడమ పాదం ఖరీదు గంటన్నర నవ్వు. అందులో నాదీ ఉంది.

ఇంటికొచ్చిన నాలుగో రోజు వాళ్లొచ్చారు. అన్నయ్య తరఫున ఒక పెద్దాయన, వెనక తల వంచుకుని అపిసాయి, ముందు తిమింగలం పన్ను. పన్ను పట్టుకుని తప్పు ఒప్పుకుంటే, తీసుకోవాలి. తీసుకుంటే ఆ తప్పు పాతిపెట్టినట్టు. మళ్లీ ఎత్తకూడదు. అపిసాయి పన్ను పట్టుకుని నా ముందు కూర్చున్నాడు.

నేను తీసుకోలేదు. గోడ వైపు చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి చాప మీద ఈడ్చిన చప్పుడు. ఇలైతియా లేచాడు. గుంజ పట్టుకున్నాడు, వదిలేశాడు. ఆరడుగులు, సర్రు సర్రుమంటూ. వెళ్లి పన్ను అందుకున్నాడు.

"బావా," అన్నాడు, "నువ్వు కట్టిన గుడ్డ ఇంకా నా దగ్గరే ఉంది. ఉతకలేదు. అది నీ పని."

అపిసాయి పైకి చూశాడు. ఏడుపూ నవ్వూ కలిసి ముక్కులోంచొచ్చింది. ఇద్దరూ ఒకరి మెడ ఒకరు పట్టుకుని కుదుపుకుంటున్నారు. పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు. నేను నవ్వలేదు. పన్ను తీసుకున్నది వాడు, పాతిపెట్టింది వాడు. నేను కాదు.

ఆ మర్నాడు గుమ్మం ముందు చుట్ట చుట్టిన పసుపు గొట్టం ఉంది. పది బారలు. పడవలో మిగిలింది ఇంకో పది, అంటే ఇక పది బారలు దాటి ఎవడూ దిగలేడు. కొడవలితో కోసినట్టుంది, అంచు వంకర. ఎవరు పెట్టారో ఎవరూ చెప్పలేదు. అన్నయ్యకీ నాకూ మళ్లీ మాటల్లేవు కదా. దాంతో ఇప్పుడు నా బచ్చలి మడికి నీళ్లు పెడుతున్నాను.

నారింజ పెట్టె మాత్రం తిరిగివ్వలేదు. వసు తీసుకున్నది తిరిగివ్వడు. కెలెరా కొత్త సీసా, కొత్త తొడుగు వేయించింది. నా గుమ్మం పక్కనే, మూత తీసి, బొమ్మల కాగితం దారివైపు తిప్పి పెట్టాను. పొద్దున పడవెళ్లేటప్పుడు నా చేతుల మీదుగా తీసుకెళ్లాలి. సాయంత్రం నా చేతికే ఇవ్వాలి. దిగినవాడు ఎవడైనా సరే, నా ముందు నిలబడి, నేను అరికాలు గీరి, అడగాల్సింది అడిగాకే మొదటి చిప్ప. గొణుక్కుంటారు. గొణుక్కోనీ.

నిన్న అపిసాయి పాకలోకి పోతూ నా మొహం చూసి, అడక్కముందే చెప్పాడు.

"పోశాను అత్తా. ఇప్పుడే. ఆ చెట్టు కింద."

"చూసినవాళ్లెవరు?" అన్నాను.